ధూపం చాటున ధూమం



ఈసారి నేను విన్నవించబోయే విషయం ఏ ఉపనిషద్వాక్యానికీ వ్యాఖ్యానం కాదు. మా ఇంటిలోని వాక్యూమ్ క్లీనరు నుండి వెలువడిన కమురు వాసనను గూర్చినది. ఇందులో తత్త్వమేమున్నదని మీలో కొందరికి సందేహం కలుగవచ్చు. బాల్యంలో పాఠశాలలో చేరి తైత్తిరీయ శాఖను అధ్యయనం చేసి, కొంతకాలం తర్కపాఠాలు కూడా విని, ముప్పది సంవత్సరాలకు పైగా ఆలయార్చకత్వంలోను, అగ్నికార్యాలలోను గడిపినవాడను నేను. అట్టివాడను, నా ఇంటి అల్మారాలో రగులుతున్న అగ్నిని గుర్తింపలేకపోయాను. గుర్తించి చెప్పినవారి మాటను త్రోసిపుచ్చాను. ఈ దోషాన్ని దాచుకొనుట కన్న చెప్పుకొనుటయే శ్రేయస్కరమని తోచి వ్రాస్తున్నాను.

మా నివాసం శివాలయ ప్రాకారాన్ని ఆనుకొని ఉన్న పాతకాలపు పెంకుటిల్లు. మా అమ్మగారికి ఎనుబది నాలుగేళ్లు. చూపు పూర్తిగా మందగించింది. దానికి తోడు ఉబ్బసం. చీపురుతో ఊడ్చినప్పుడు లేచే ధూళి ఆమెకు ప్రాణాంతకమవుతున్నదని వైద్యులు హెచ్చరించగా, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఈ యంత్రాన్ని కొని పంపించాడు. విద్యుత్తుతో నడుస్తూ ఇంట్లో వాడుకోదగిన ఇట్టి యంత్రానికి 1908లో అమెరికాలో పేటెంటు పొందిన జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అనే ఆయన ఒక భవనంలో ఊడ్చే పనివాడట. ఆయనకూ ఉబ్బసమేనట. ఆ సంగతి మా అబ్బాయి చెప్పినప్పుడు, ఈ యంత్రం ఒక వ్యాధిగ్రస్తుని ఆర్తి నుండి పుట్టినదని నాకు దానిపై కొంత గౌరవం కూడా కలిగింది.

ఆ గౌరవం ఎట్టిదో కూడా చెప్పాలి. విజయదశమినాడు ఆ యంత్రానికి పసుపు కుంకుమలు అలంకరించి ఆయుధపూజ చేశాను. దానితో వచ్చిన చిన్న పుస్తకాన్ని కూడా పూజామందిరంలో ఉంచి అక్షతలు వేశాను. కాని ఆ పుస్తకాన్ని తెరచి ఒక్క పుటయైనా చదువలేదు.

మా కోడలు మా ఊరి పాఠశాలలో ఉపాధ్యాయిని కనుక మాతోనే ఉంటుంది. ఇల్లు శుభ్రపరచే భారం ఎక్కువగా ఆమెదే. ఆశ్వయుజం చివరిలో ఒక ఆదివారం ఆమె యంత్రాన్ని ఆపి నా వద్దకు వచ్చింది.

"మామయ్యగారూ, దీంట్లోంచి ఏదో కాలిన వాసన వస్తోందండీ. ఒకసారి ఎవరికైనా చూపిద్దామా?"

నేను లేచి వెళ్లి వాసన చూచాను. నాకేమీ తెలియలేదు. ఉదయం సాంబ్రాణి, మధ్యాహ్నం కర్పూరం, సాయంకాలం మరల సాంబ్రాణి, పర్వదినాలలో సమిధలు, ఆజ్యం. ఇట్టి వాసనల నడుమ నిత్యం మెలగే ముక్కు నాది. ఎడతెగక ఒకే గంధంలో ఉన్న ఘ్రాణేంద్రియం ఆ జాతి గంధాన్ని పట్టించుకొనడం మానివేస్తుంది. ఇది అందరికీ అనుభవంలో ఉన్నదే. నా ఇంద్రియానికి ఉన్న ఆ పరిమితిని నేను ఆలోచించలేదు. "పూజారి ఇల్లమ్మా ఇది, కాలిన వాసన రాని రోజేది?" అని నవ్వి, ధూపపాత్రలో రెండు పలుకులు సాంబ్రాణి వేసి ఆ గదిలో త్రిప్పాను. ఆమె మరేమీ అనలేదు.

తరువాతి వారం మరల అదే మాట చెప్పింది. నేను మరల అదే సమాధానం చెప్పాను. మూడవసారి యంత్రం తనంతట తానే ఆగిపోయింది. అరగంట తరువాత మీట నొక్కితే మరల తిరిగింది. "చూశావా, దాని తప్పేమీ లేదు. నీవు ఎక్కువసేపు నడుపుతున్నావు" అన్నాను. యంత్రం నిర్దోషి అని తీర్పు చెప్పి, దోషాన్ని ఆ పిల్లపై మోపాను. నేనేమో న్యాయశాస్త్రం చదివినవాడను!

కార్తికమాసంలో మా ఇంట రుద్రహోమం జరిగింది. సాయంకాలం ఏడు గంటలకు పూర్ణాహుతి ముగిసింది. అగ్నికి యథావిధిగా ఉద్వాసన చెప్పి, కుండం తనంతట తాను చల్లారడానికి వదలివేశాము. మరునాడు మధ్యాహ్నం మూడు గంటలకు నేనే రక్షకోసం భస్మాన్ని జల్లించి తీశాను. అప్పుడు మండువా నేలపై బూడిద చింది పడింది. దానిని తడిగుడ్డతో తుడిచి ఉండవలసినది. తొందరలో యంత్రాన్ని నేనే తెచ్చి, ఆ బూడిదను, కుండం చుట్టూ రాలిన బొగ్గుపలుకులను పీల్పించాను. చేయి పెట్టి చూస్తే నేల చల్లగానే ఉన్నది. అప్పటికి ఇరువది గంటలు గడచినవి కదా అనుకొన్నాను. పని ముగించి యంత్రాన్ని యథాస్థానంలో పెట్టాను. దాని స్థానం అమ్మగారి గదిలో, ఆమె మంచం ప్రక్కన ఉన్న చెక్క అల్మారాలో క్రింది అర. పై అరలో ఆమె చీరలు.

సాయంకాలం అందరమూ ఆలయానికి వెళ్లాము. కార్తికదీపాల రద్దీ. అమ్మగారు ఒక్కరే ఇంట ఉన్నారు. ఎనిమిదిన్నరకు నేను ముందుగా తిరిగివచ్చి, అలవాటు చొప్పున ధూపం వెలిగించి గదిగదికీ త్రిప్పుతూ ఆమె గదిలోకి వెళ్లాను.

"ఒరేయ్ నాయనా, ఇందాకటినుంచీ ఏదో కాలుతోందిరా."

"సాంబ్రాణి అమ్మా."

"సాంబ్రాణి వాసన నాకు తెలీదట్రా? మీ నాన్నగారి కాలంనుంచీ పీలుస్తున్నాను. ఇది గుడ్డ కాలే వాసన."

"నీకు అలా అనిపిస్తోందిలే" అని వెనుదిరిగాను. ఈ వాక్యాన్ని వ్రాయడానికి నాకు చేయి వెనుకాడుతున్నది. కాని జరిగినది ఇదే. పాత్రను చేతబట్టుకొని, గుమ్మం దాటి, మండువాలోకి వచ్చివేశాను.

అప్పుడే ఆలయంనుండి వచ్చిన మా కోడలు ఆ చివరి మాటలు విన్నది. నన్ను ఏమీ అడుగలేదు. తిన్నగా గదిలోకి వెళ్లి, అల్మారా తలుపుపై చేయి వేసి చూచి, తెరచింది. గుప్పున పొగ వెలువడింది. ఆమె ముందుగా అమ్మగారిని లేవదీసి బయటికి నడిపించింది. నేను యంత్రాన్ని పిడితో పట్టి పెరటిలోకి ఈడ్చుకొనిపోయి, అక్కడ ఉన్న ఇసుకను దోసిళ్లతో పోశాను. దాని ఉదరంలోని సంచి అరచేయి ప్రమాణంలో కాలి, అంచులు ఎఱ్ఱగా మెరుస్తున్నవి. పైకప్పు ప్లాస్టిక్కు మెత్తబడి లోనికి క్రుంగిపోయింది. పై అరలోని చీరలలో అన్నిటికన్న క్రింద ఉన్నదాని మడత గోధుమరంగుకు తిరిగి ఉన్నది. నేను ఇంకొక గంట ఆలయంలో ఉండి ఉంటే ఏమి జరిగి ఉండేదో మీరే ఊహింపగలరు.

నివురు గప్పిన నిప్పు అనే మాట తెలుగువారిలో ఎరుగనివారుండరు. పూర్వం అగ్గిపెట్టెలు లేని రోజులలో పొయ్యిలో నిప్పును బూడిద క్రింద కప్పి, మరునాటి వంటకు దానినే రాజేసుకొనేవారు. బూడిద గాలిని తగలనీయక అగ్నిని మెల్లమెల్లగా బ్రతికిస్తుంది. అది నాకు తెలియనిది కాదు. మంత్రంతో ఉద్వాసన చెప్పితిని కనుక అగ్ని వెళ్లిపోయినదని అనుకొన్నాను. దేవతారూపమైన అగ్నికి ఉద్వాసన చెప్పాను గాని, భౌతికమైన అగ్నికి నీటితో చెప్పవలసినది మిగిలి ఉండగా మరచితిని.

మరునాడు ఆ యంత్రాన్ని పట్టణంలో మోటార్లకు వైండింగు చేసే మేస్త్రీ వద్దకు తీసుకొని వెళ్లాను. పెద్దవయసువాడు. మూత విప్పుతూ మొదట ముక్కు దగ్గరగా పెట్టి రెండు మూడు చోట్ల వాసన చూచాడు. పిదప ఫిల్టరు తీసి బల్లపై తట్టాడు. తెల్లని బూడిద కుప్పగా రాలింది.

"పంతులుగారూ, నిన్నటి నిప్పు ఒక సంగతి. కానీ ఇది చాన్నాళ్లనుంచీ వేడెక్కుతోంది. వాసన రాలేదా?"

వచ్చిందని, మా కోడలు మూడుసార్లు చెప్పిందని ఒప్పుకొన్నాను.

అతడు చెప్పిన దానిని నాకు అర్థమైనంతవరకు ఇక్కడ పొందుపరుస్తాను. ఎందరి ఇండ్లలోనో ఈ యంత్రం ఇప్పుడు ఉన్నది కనుక ఉపకరిస్తుంది.

ఈ యంత్రంలోని మోటారు నిమిషానికి ఇరువది వేలకు పైగా తిరుగుతుంది. మా దాని వంటివాటిలో ధూళిని లాగే గాలియే వడగట్టబడి, ఆ మోటారుమీదుగా పోయి దానిని చల్లబరుస్తుంది. అనగా దానికి ఆహారమూ, ఔషధమూ ఒకే గాలి. సంచి నిండినా, ఫిల్టరు పూడినా, గొట్టంలో గుడ్డపీలిక చిక్కుకొన్నా ఆ గాలి తగ్గిపోతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, చల్లదనం మాత్రం ఉండదు. మామూలు ధూళికన్న విభూతి, హోమభస్మం, బియ్యపుపిండి ముగ్గు ఎంతో సూక్ష్మమైనవి. ఫిల్టరు రంధ్రాలను అవి త్వరగా పూడ్చివేస్తవి. పూజలు ఎక్కువగా జరిగే ఇండ్లలో ఇదే ముఖ్యకారణం కావచ్చును. వేడి హద్దు మీరినప్పుడు లోపల ఉన్న రక్షణ మీట యంత్రాన్ని దానంతట అదే ఆపివేస్తుంది. చల్లారిన తరువాత మరల నడుస్తుంది. నడిచినది కనుక బాగున్నదని కాదు, కారణం తొలగనంతవరకు మరల వేడెక్కుతుందని అర్థం. నేను ఏ సంఘటనను నిర్దోషిత్వానికి ప్రమాణంగా చూపితినో, అదే దోషానికి ప్రమాణమన్నమాట!

ఇక వాసనలను గూర్చి అతడు చెప్పినది వింటూ నేను విద్యార్థినైపోయాను. గంధం పృథివికి విశేషగుణమని, అది సురభి, అసురభి అని రెండు విధాలని మన తార్కికులు విభజించారు. ఆ మేస్త్రీకి అసురభిలోనే అయిదు భేదాలు తెలుసును. వేడెక్కిన ధూళి వాసన మాడిన పిండివలె ఉంటుంది. సంచీ, ఫిల్టరూ శుభ్రపరిస్తే పోతుంది. రబ్బరు కాలిన వాసన బెల్టు ఉన్న యంత్రాలలో వస్తుంది. తిరిగే కుంచెకు వెంట్రుకలు, దారాలు చుట్టుకొని అది బిగిసిపోతే బెల్టు ఒరుసుకొని కాలుతుంది. కత్తెరతో ఆ వెంట్రుకలను కోసి తీయాలి, బెల్టు అరిగితే మార్చాలి. ఉరుములు మెరుపుల తరువాత వచ్చే వాసన వంటి ఘాటు, దానితోపాటు లోపల ఎక్కువగా నిప్పురవ్వలు కనిపిస్తే కార్బన్ బ్రష్షులు అరిగినవని గుర్తు. ముక్కును, కన్నును మండించే వార్నిషు వాసన తీగచుట్టలది. అది వస్తే యంత్రాన్ని మరల నడుపనే కూడదు. అయిదవది ప్లగ్గు, సాకెట్టు వేడెక్కిన వాసన.

"అది కొన్నిసార్లు చేపల వాసనలా ఉంటుందండీ. మీకు ఎలా చెప్పాలో తెలియట్లేదు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆలయం వీధిచివర శుక్రవారపు సంత ఉన్నది కనుక ఆ వాసన నాకు బొత్తిగా అపరిచితం కాదని చెప్పాను. మా యంత్రం 1,400 వాట్లది. 230 వోల్టుల వద్ద ఆరు ఆంపియర్లకు కొంచెం పైగా లాగుతుంది. దానిని ఇంతవరకు మేము 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షను బోర్డుకు తగిలిస్తున్నామని విని తల అడ్డంగా ఊపాడు. గోడకున్న పవర్ ప్లగ్గుకు మాత్రమే పెట్టుమన్నాడు.

"వాసన వస్తే ముందు ప్లగ్గు తీయండి. ఆలోచించడం తరువాత. చల్లారాక సంచి, ఫిల్టరు, గొట్టం, కుంచె, ప్లగ్గు పిన్నులు, ఈ వరసలో చూసుకోండి. ఫిల్టరు కడిగేదైతే ఒక రోజంతా ఆరనివ్వాలి. ఇవన్నీ బాగుండి కూడా వాసన వస్తే నా దగ్గరకు తీసుకురండి, మీరు విప్పకండి. బూడిదకి మాత్రం ఇది పనికిరాదండీ. ఆ ముక్క పుస్తకంలో మొదట్లోనే రాసి ఉంటుంది."

ఇంటికి వచ్చి పూజామందిరంలోని పుస్తకాన్ని తీసి, అక్షతలు దులిపి, చదివాను. నిజమే. వేడి బూడిదను, నిప్పురవ్వలను పీల్పరాదని మొదటి హెచ్చరికలలోనే ఉన్నది. నేను అర్చించిన గ్రంథంలోనే నాకు కావలసిన విధినిషేధాలు ఉన్నవి. నేను వాటిపై కుంకుమ వేశాను, అంతే.

తర్కం చదివే బాలునికి మొట్టమొదట చెప్పే ఉదాహరణ ఏది? పర్వతంపై ధూమాన్ని చూచి అక్కడ అగ్ని ఉన్నదని ఊహించుట. పాకశాలలో ధూమాగ్నుల సాహచర్యాన్ని పలుమార్లు చూచినవాడు మాత్రమే అట్లు ఊహింపగలడు. నేను జీవితమంతా హోమకుండం ముందు ఆ సాహచర్యాన్ని చూచినవాడను. ఐనను నా అనుమానం ఎట్లున్నది? "ఇది ధూపగంధమే, కాలిన వాసన కావున" అని. ఈ హేతువు ధూపానికెంత చెందునో, చీరె కాలుటకూ అంతే చెందుతుంది. సాధ్యం లేని చోట కూడా ఉండే ఇట్టి హేతువును సవ్యభిచారమంటారు. హేత్వాభాసాలలో అది మొదటిది. దానిని నేను విద్యార్థులకు బోధించాను కూడా.

అంతకన్న పెద్ద దోషం వేరొకటి ఉన్నది. నాకు ప్రత్యక్షం కాలేదు కనుక లేదన్నాను. ఇంద్రియం దుర్బలమైనప్పుడు ఆప్తవాక్యం ప్రమాణమని శాస్త్రం చెప్పనే చెప్పింది. ఆప్తుడెవరు? విషయాన్ని ఉన్నదున్నట్లు ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లు చెప్పువాడు. ఈ లక్షణం ఋషులకు, ఆర్యులకు, మ్లేచ్ఛులకు కూడా సమానమేనని న్యాయభాష్యకారుడైన వాత్స్యాయనుడు స్పష్టపరిచాడు. అనగా ఆప్తత్వానికి కులం, విద్య, వయస్సు, లింగం ప్రమాణాలు కావు. చూపులేని మా అమ్మగారు ఆ రాత్రి ఆప్తురాలు. ముమ్మారు చెప్పిన మా కోడలు ఆప్తురాలు. ముక్కుతో మోటారును పరీక్షించిన మేస్త్రీ ఆప్తుడు. ఆ ఇంట శాస్త్రం చదివినవాడను నేనొక్కడనే. అనాప్తుడను కూడా నేనొక్కడనే.

ఆ సాయంకాలం మా కోడలిని పిలిచి, "అమ్మా, నీవు మూడుసార్లు చెప్పావు. నేను వినలేదు. పైగా తప్పు నీదన్నాను. అది నా అపరాధం" అన్నాను. మా ఇంట మామగారు కోడలితో ఇట్టి మాట పలికిన సంప్రదాయం లేదు. ఆమె తడబడి, "అయ్యో, అంత మాట ఎందుకండీ మామయ్యగారూ" అన్నది. కొంచెంసేపు ఆగి, తల వంచుకొని మరొక మాట కూడా అన్నది. "నాలుగోసారి చెప్పడానికి భయమేసిందండీ. అది మాత్రం నాకు బాధగా ఉంది."

నాకు అల్మారాలోని పొగకన్న ఆ మాటయే ఎక్కువగా ఊపిరాడనీయలేదు. నా నవ్వు, నా సాంబ్రాణి కలిసి ఆ ఇంట సత్యం చెప్పదగిన నోటిని మూసివేసినవి. నాలుగవసారి ఆమె చెప్పి, మేము ఫిల్టరు తీసి చూచి ఉంటే, దానినిండా ఉన్న బూడిదను చూచియైనా నేను ఆ యంత్రాన్ని కుండం వద్దకు తీసుకొనిపోయి ఉండేవాడను కాను.

ధూపం షోడశోపచారాలలో ఒకటి. అది దేవునికి సమర్పించేది. దుర్గంధాన్ని కప్పిపుచ్చుటకు ఏర్పడినది కాదు. ఐనను మనం ఎన్ని విషయాలలో దానిని ఆ పనికే వాడుతున్నాము! ఇంట్లో ఒకరి మనస్సు కాలుతున్న వాసన వస్తే, కారణం వెదకుటకు మారుగా ఒక వ్రతం చేసి ఊరుకొంటాము. మనలోని క్రోధం అప్పుడప్పుడు తనంతట తాను ఆగిపోతే, శాంతి సిద్ధించినదని భ్రమిస్తాము. అది వేడి మీరి ఆగిన మోటారు మాత్రమే కావచ్చును. బూడిద చల్లగా ఉన్నదని పైపైన చేయి పెట్టి చూచి తృప్తిపడుతాము. జపం, పూజ మానవలెనని నా భావం కాదు. కారణాన్ని తొలగించిన పిదప వేసిన సాంబ్రాణి దేవునికి చేరుతుంది. అంతకుముందు వేసినది మన ముక్కును మాత్రమే మోసగిస్తుంది.

యంత్రానికి సంచి, ఫిల్టరు, మూత మార్చిన తరువాత అది మరల నడుస్తున్నది. మోటారు దైవవశాత్తు చెడలేదు. ఇప్పుడు దానిని అమ్మగారి గదిలో ఉంచడం లేదు, వసారాలో నేలపై ఉంచుతున్నాము. హోమభస్మాన్ని మూతగల ఇనుప బాల్చీలో రెండు రోజులు ఉంచి, రక్షకు కావలసినది తీసికొని, మిగిలినదానిపై నీరు చల్లి చెట్ల మొదళ్లలో వేస్తున్నాము. చిందిన విభూతికి, ముగ్గుకు తడిగుడ్డయే. నెలకొకసారి ఫిల్టరును నేనే తీసి శుభ్రపరుస్తున్నాను. ఆ పనిని కోడలికి వదలకపోవుట నా ప్రాయశ్చిత్తంలో భాగం.

మొన్న సాయంకాలం నేను ధూపపాత్రతో గదిలోకి వెళ్లగా అమ్మగారు, "ఏదో మాడుతోందిరా" అన్నారు. పాత్రను గుమ్మం వద్దనే క్రింద పెట్టి, ఇల్లంతా వెదకాను. వంటింటిలో పాలు పొంగి పొయ్యిమీద మాడుతున్నవి. పొయ్యి ఆపి, తుడిచి, తిరిగివచ్చి ఆమెకు సంగతి చెప్పాను.

"ఇప్పుడు వెయ్యి సాంబ్రాణి" అన్నారు అమ్మగారు.

సర్వం శ్రీపరమేశ్వరార్పణమస్తు.